రిజర్వ్ లైట్ వెలిగింది, మీటర్‌లో ఇంకా 31 కిలోమీటర్లు చూపిస్తోంది, అయినా బండి ఆగిపోయింది (తాడ్వాయి–పస్రా మధ్య, రాత్రి)

సుబేదారి_వాసి | ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. గత నెల జరిగింది చెప్పి ఒక ప్రశ్న అడగాలని రాస్తున్నా.

మేనమామ ఇంట్లో పెళ్లికి ఏటూరునాగారం పోయాం. మాది పెట్రోల్ కారు, బీఎస్‌-6 (పొగ నిబంధనల్లో కొత్త రకం), నాలుగేళ్లది, ట్యాంకు 37 లీటర్లు. తిరుగు ప్రయాణానికి రాత్రి ఎనిమిదిన్నర అయింది. అప్పటికే రిజర్వ్ లైట్ వెలుగుతోంది. మీటర్‌లో ఇంకా 78 కిలోమీటర్లు పోతుందని చూపిస్తోంది. ఊళ్లో బంకు దగ్గర నాలుగు బండ్లు లైన్‌లో ఉన్నాయి. పాప నిద్రకు ఏడుస్తోంది. ములుగు యాభై చిల్లర కిలోమీటర్లే కదా, అక్కడ పోయిద్దాం అనుకుని వచ్చేశా.

తాడ్వాయి దాటాక అడవిలో ఒక మలుపు దగ్గర బండి రెండుసార్లు గుంజింది. మూడోసారి ఆగిపోయింది. మీటర్ చూస్తే 31 అని ఉంది. బండిలో మా ఆవిడ, మూడేళ్ల పాప, అమ్మ, చిన్నమ్మ. రెండు వైపులా టేకు చెట్లు. ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటి లేదు. వెనక నుంచి ఇసుక లారీలు వస్తున్నాయి, ఒక్కోటి పక్క నుంచి పోతుంటే కారు మొత్తం ఊగేది. అమ్మకు బీపీ మాత్ర వేసే టైమ్ దాటింది. ఆమె ఒక్క మాట అనలేదు, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మౌనమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

దాదాపు 40 నిమిషాల తర్వాత పాత బైక్ మీద ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆగారు. వాళ్ల బండి పైపు ఊడదీసి, నాబు తిప్పి, మా నీళ్ల సీసాలోకి లీటరు దాకా పెట్రోల్ వదిలారు. డబ్బులిస్తే తీసుకోలేదు. పస్రా దాకా మా వెనకే వచ్చారు.

ఇంతవరకు ఒక కథ. తర్వాత వారం రోజులకు వెనక సీటు కింద నుంచి సన్నగా కూత మొదలైంది. పది రోజులకు పొద్దున బండి స్టార్ట్ కాలేదు. షెడ్డులో పెట్రోల్ పంపు పోయిందన్నారు. మొత్తం 9,400 అయింది. నా ప్రశ్న ఏంటంటే, ఆ ఒక్క రాత్రి ట్యాంకు ఎండినందుకే పంపు పోయిందా? 31 కిలోమీటర్లు చూపిస్తూ ఎలా ఆగింది?


ములుగురోడ్_షెడ్ | ఆదివారం రాత్రి 11:05

తమ్మీ, అందరూ క్షేమంగా ఇల్లు చేరారు, ముందు అది సంతోషం.

22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నా. నీ పంపు ఆ ఒక్క రాత్రితో పోయి ఉండదు. ఆ రాత్రి ఆఖరి దెబ్బ మాత్రమే. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మేవి) పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. చిన్న కరెంటు మోటారు అది. ఇంజిన్ నడిచినంత సేపు తిరుగుతూనే ఉంటుంది, 3 నుంచి 4 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) ప్రెషర్‌తో పెట్రోల్‌ను ముందుకు తోస్తుంది. దాని వేడి తీసేది పెట్రోలే, అరగకుండా కాపాడేదీ పెట్రోలే.

మన దగ్గర బోరు మోటారు గురించి తెలియని ఇల్లు లేదు. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరిగితే ఏమవుతుంది? వైండింగ్ కాలిపోతుంది. ఇది కూడా అదే లెక్క. ట్యాంకులో అడుగున కొంచెమే ఉంటే, మలుపులోనో ఎత్తులోనో పెట్రోల్ ఒక పక్కకు ఒరుగుతుంది, పంపు గాలి పీలుస్తుంది. ఆ రెండు మూడు సెకన్లు అది చల్లదనం లేకుండా తిరుగుతుంది. ఒకసారికి ఏమీ కాదు. రోజూ అదే పని అయితే లోపల అరుగుదల మొదలవుతుంది. నువ్వు విన్న కూత అదే.

ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నెలలో ఎన్ని రోజులు లైట్ వెలుగుతుండగా తిప్పుతావు?


పోచమ్మమైదాన్_66 | సోమవారం ఉదయం 7:40

మెకానిక్ అన్న చెప్పింది కాదనను కానీ మా కారుకు 12 ఏళ్లు. ఎప్పుడూ రిజర్వ్ దగ్గరే తిప్పుతా, పంపు ఇప్పటికీ అదే. కొందరు ట్యాంకు తగ్గితే అడుగున ఉన్న చెత్త ఇంజిన్‌లోకి పోతుందని భయపెడతారు. ట్యాంకు నిండా ఉన్నా పంపు పీల్చేది అడుగు నుంచే కదా? చెత్త ఉంటే మొదటి రోజే పోవాలి. పైగా తక్కువ పెట్రోల్ ఉంటే బండి తేలిక, మైలేజీ కలిసొస్తుంది.


ములుగురోడ్_షెడ్ | సోమవారం ఉదయం 8:15

చెత్త గురించి మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నా. పంపు ఎప్పుడైనా అడుగు నుంచే తీసుకుంటుంది, దాని మూతి దగ్గర జాలీ ఉంటుంది, ఆ పైన ఫిల్టర్. పాత రేకు ట్యాంకుల బండ్లు, ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ బండ్లు వేరు, వాటిలో తుప్పు పొడి ఉంటుంది, పెట్రోల్ తక్కువుంటే అది కదిలి జాలీని మూసేస్తుంది. మామూలు బండికి అంత భయం అక్కర్లేదు.

మైలేజీ మాటకు మాత్రం ఒప్పుకోను. లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కిలో చుట్టూ. 20 లీటర్లు తగ్గించినా 15 కిలోలే తగ్గాయి. ఒక చిన్న బియ్యం సంచి దించినట్టు. ఆ తేడా మైలేజీలో మీకు కనపడదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించండి, అంతకన్నా ఎక్కువ మిగులుతుంది.

మీ పంపు 12 ఏళ్లు నిలిచింది, సంతోషం. మా షెడ్డులో అయితే మూడేళ్లకే మార్చినవి ఉన్నాయి, ఇరవై ఏళ్లు పోయినవీ ఉన్నాయి. ఏది ఏ గుంపులో పడుతుందో ముందు తెలియదు.


సుబేదారి_వాసి | సోమవారం ఉదయం 9:02

అన్నా, మీరు అడిగినదానికి సమాధానం: నెలలో 20 రోజులు లైట్ వెలుగుతూనే ఉంటుంది. 500 పోయిస్తా, లైట్ ఆరుతుంది, మూడు రోజులకు మళ్లీ వెలుగుతుంది. నాలుగేళ్లుగా ఇదే అలవాటు. ఇప్పుడు అర్థమవుతోంది.


కరీంనగర్_ట్యాక్సీ | సోమవారం మధ్యాహ్నం 1:30

పంపు పోతే డబ్బుతో పోతుంది. నేను చెప్పేది ప్రాణం సంగతి.

నాలుగేళ్ల కింద ఆదిలాబాద్ నుంచి ఖాళీగా తిరిగొస్తున్నా. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతున్నా. డీజిల్ తక్కువుందని తెలుసు. దిగుడే కదా, దిగుతుంటే ఖర్చు కాదు, కింద పోయిద్దాం అనుకున్నా. దిగుడులో ముక్కు కిందికి ఉంటే ట్యాంకులో ఉన్న కొంచెం డీజిల్ ఒక మూలకు చేరుతుందన్న ఆలోచన నాకు అప్పుడు లేదు. మలుపు మధ్యలో ఇంజిన్ ఆగింది.

అప్పుడు ఏం జరుగుతుందో నడిపేవాళ్లందరికీ తెలియాలి. స్టీరింగ్ ఒక్కసారిగా బరువైపోయింది. రెండు చేతులతో గుంజితే గానీ తిరగలేదు. బ్రేక్ మొదటి రెండుసార్లు పడింది, మూడోసారి పెడల్ రాయిలాగా అయింది. బ్రేక్‌కు బలం ఇచ్చే డబ్బాలో ఉన్న వ్యాక్యూమ్ అయిపోయింది, ఇంజిన్ నడిస్తేనే అది మళ్లీ తయారవుతుంది. నేను రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి, గేర్‌లోనే ఉంచి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగుతూ గోడ పక్కన ఆపా. ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. కదులుతున్న బండి ఆగితే తాళం చెవి మొత్తం వెనక్కి తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. బ్రేక్ కొట్టి వదిలి కొట్టి వదిలి చేయకండి. ఒక్కసారి గట్టిగా నొక్కి అలాగే పట్టి ఉంచండి, ఉన్న బలం అదే.


నైట్‌డ్యూటీ_హన్మకొండ | సోమవారం సాయంత్రం 5:50

అన్నా, మీది చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

నాది స్కూటీ. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, ఇల్లు కాజీపేట వైపు. ఒకసారి డ్యూటీ దిగేసరికి పన్నెండున్నర, బ్రిడ్జి ఎక్కుతుండగా బండి ఆగింది. ఎవరో ఇద్దరు బైక్ మీద వచ్చి 'కూర్చోండి మేడమ్, కాలుతో నెడతాం' అన్నారు. మంచివాళ్లే. కానీ ఆ నెట్టుడులో నా హ్యాండిల్ ఎలా వణికిందో నాకే తెలుసు. కొంచెం గుంత వచ్చినా ముగ్గురం కింద పడేవాళ్లం. దిగి నెట్టుకుంటూ పోతానని చెప్పి పంపించేశా. ఆ తర్వాత బ్రిడ్జి మొత్తం ఒంటరిగా నెట్టా. చెప్పుల శబ్దం తప్ప ఏమీ లేదు. వెనక ఏ లైటు పడ్డా గుండె జారిపోయేది.

ఆడవాళ్లకు ఇది పంపు సమస్యో మైలేజీ సమస్యో కాదు. రాత్రి పూట ఎక్కడ ఆగాలో మన చేతిలో ఉండాలి, అంతే. ఆ రోజు నుంచి డ్యూటీకి పోయేటప్పుడే పోయిస్తా, వచ్చేటప్పుడు చూద్దాం అనుకోను.

ఒక సందేహం. పాత బండికి రిజర్వ్ నాబు ఉండేది, ఆగితే తిప్పుకునేవాళ్లం. ఈ కొత్త స్కూటీలకు ఎందుకు పెట్టలేదు?


ములుగురోడ్_షెడ్ | సోమవారం రాత్రి 8:30

చెల్లె, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్‌-6 బండ్లు వచ్చాయి. అప్పటి నుంచి టూవీలర్లలో దాదాపు అన్నీ ఇంజెక్షన్ బండ్లే. వాటికి కారులో లాగే కరెంటు పంపు ఉంటుంది. పాత నాబు చేసే పని సులువు. ట్యాంకులో రెండు గొట్టాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు గొట్టం దాకా పెట్రోల్ దిగగానే బండి ఆగేది, రిజర్వ్‌కు తిప్పితే పొట్టిది అడుగు దాకా ఇచ్చేది. అంటే బండి ఒకసారి ఆగి మనల్ని హెచ్చరించేది. ఇప్పుడు హెచ్చరిక లైటు మాత్రమే. ఆగిందంటే నిజంగా అయిపోయినట్టే.

ఇంకో మాట. పెట్రోల్ అయిపోతే బండిని పక్కకు వంచి మళ్లీ స్టార్ట్ చేసే అలవాటు మన దగ్గర మస్తు ఉంది. పాత బండికి సరే. ఇంజెక్షన్ బండిని అట్లా మాటిమాటికీ చేస్తే పంపు గాలి మింగుతూ తిరుగుతుంది. ఆపేయండి.


ఎనుమాముల_రైతు | సోమవారం రాత్రి 9:45

బిడ్డా, మా ట్రాక్టర్ ముచ్చట కూడా రాస్తా.

మిర్చి సీజన్‌లో మార్కెట్ లైన్ ఎట్లుంటదో వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 38 బస్తాలు వేసుకుని తెల్లవారుజామున మూడింటికే పోయినా. లైన్ కొద్దికొద్దిగా జరుగుతుంటే ఇంజిన్ ఆపబుద్ధి కాలేదు. గేటుకు ఇంకో ఇరవై బండ్లు ఉన్నాయనగా డీజిల్ అయిపోయింది. వెనకవాళ్లు హారన్లు. మా పిల్లగాడు ఉరికి క్యాన్‌లో డీజిల్ తెచ్చిండు. పోసి సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతది కానీ అందుకోదు. పైపుల్లో గాలి పట్టింది.

పక్క ట్రాక్టరాయన దిగొచ్చి పట్టిండు. ఫిల్టర్ మీది నట్టు కొంచెం వదులు చేసి, కింద ఉన్న చిన్న పంపును వేలితో ఒత్తుతుంటే మొదట బుడగలు, నురుగు వచ్చింది. తర్వాత బుడగలు లేని డీజిల్ సన్నటి ధారగా కారింది. అప్పుడు నట్టు బిగించిండు. తర్వాత నాజిల్ దగ్గర పైపులు కూడా ఒక్కొక్కటీ అట్లనే వదులు చేసి, సెల్ఫ్ కొట్టించి గాలి తీసిండు. గంటంబావు పట్టింది. చేతులకు డీజిల్, కళ్లలో మిర్చి ఘాటు. లైన్ పోయింది, ఆ రోజు కాంటా మరుసటి రోజుకు పడ్డది. రాత్రంతా బస్తాల మీదనే పడుకున్న.

పెట్రోల్ బండి అయితే పోస్తే నడుస్తది. డీజిల్ బండి అట్ల కాదు. ఇది పిల్లలకు చెప్పాలె.


ములుగురోడ్_షెడ్ | సోమవారం రాత్రి 10:30

పెద్దాయన చెప్పింది అక్షరం పొల్లుపోకుండా నిజం. దానికి ఒక ముక్క కలుపుతా.

పాత ట్రాక్టర్, పాత జీపుల డీజిల్ పంపు గట్టిది, గాలి తీస్తే మళ్లీ నడుస్తుంది. ఇప్పటి డీజిల్ కార్లలో కామన్ రైల్ అని ఉంటుంది, అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ పంచే ఒకే గొట్టం. వాటి హై ప్రెషర్ పంపు వెయ్యి బార్లకు పైనే ప్రెషర్ తయారు చేస్తుంది. అంత ఒత్తిడిలో తిరిగే భాగాలకు వేరే ఇంజిన్ ఆయిల్ లేదు, చాలా పంపుల్లో లోపలికొచ్చే డీజిలే నూనె. డీజిల్ రాకుండా తిరిగితే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆ రాపిడిలో లేచిన సన్నటి పొడి నేరుగా ఇంజెక్టర్లలోకి పోతుంది. అప్పుడు పంపు, రైలు, ఇంజెక్టర్లు అన్నీ విప్పాల్సిందే. పెట్రోల్ పంపు పోతే వేలల్లో పోతుంది. ఇది లక్ష దాటించిన సందర్భాలు నా కళ్ల ముందు ఉన్నాయి. డీజిల్ కారున్నవాళ్లు దయచేసి ట్యాంకు ఎండనివ్వకండి. ఎండితే పదే పదే సెల్ఫ్ కొట్టకండి, ముందు గాలి తీయించండి.


నిట్_కాజీపేట | మంగళవారం ఉదయం 11:10

31 కిలోమీటర్ల ప్రశ్నకు ఎవరూ సమాధానం రాయలేదు, నాకు తెలిసింది చెప్తా.

ట్యాంకులో ఒక బెండు లాంటిది తేలుతూ ఉంటుంది, దానికి ఒక కడ్డీ. అది ఎంత కిందికి దిగితే పెట్రోల్ అంత తక్కువని మీటర్ అనుకుంటుంది. బండి ఎత్తులో ఉన్నా, పక్కకు వంగినా ఆ బెండు తప్పు చెప్తుంది. నిండుగా ఉన్నప్పుడు లీటరు తేడా పెద్ద లెక్క కాదు. మూడు లీటర్లే ఉన్నప్పుడు లీటరు తేడా అంటే మూడో వంతు.

రెండోది, ఆ కిలోమీటర్ల నంబర్ ముందున్న రోడ్డును చూసి చెప్పేది కాదు. ఇప్పటిదాకా బండి ఇచ్చిన మైలేజీతో మిగిలిన పెట్రోల్‌ను గుణించి చెప్తుంది. పోయేటప్పుడు పగలు, హైవే మీద సాఫీగా పోయి ఉంటారు. వచ్చేటప్పుడు అయిదుగురు, ఏసీ, రాత్రి, గేర్లు మార్చుకుంటూ నడపడం. లెక్క తారుమారు అవుతుంది. ట్యాంకు అడుగున పంపుకు అందని పెట్రోల్ కూడా కొంత మిగులుతుంది. కాబట్టి లైట్ వెలిగాక ఆ నంబర్‌ను నమ్ముకోవద్దు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్ నీళ్లతో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. పంపు పీల్చేది అడుగునే. ట్యాంకు ఖాళీగా ఉంటే గాలి ఎక్కువ, ఆ గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమను ఇముడ్చుకునే పెట్రోల్ తక్కువ. అయితే రోజూ తిరిగే బండికి దీనితో పెద్ద ప్రమాదం లేదు. వానాకాలంలో నెలల తరబడి కదలకుండా, అడుగున రెండు లీటర్లతో పెట్టే బండికే ఇబ్బంది. ఊళ్లో బండి వదిలి హైదరాబాద్ పోయేవాళ్లు చూసుకోండి.


బంకు_పంపుబాయ్ | మంగళవారం మధ్యాహ్నం 3:20

నేను పరకాల రోడ్డులో బంకులో చేస్తా. రోజూ వినే మాటలు రెండున్నాయి.

ఎండాకాలంలో ట్యాంకు నిండా పోయిస్తే పేలుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంది. మే నెలలో అది చూసి సగం మంది వంద, రెండొందలు పోయించి పోతారు. అది అబద్ధం. ఆ మాటలో నిజం లేదని ఇండియన్ ఆయిల్ కంపెనీయే ప్రకటించింది. ఎండ వేడికి తట్టుకునేలాగే ట్యాంకు తయారవుతుంది. నాజిల్ టక్కుమని ఆగాక ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని మూతి దాకా కుక్కించకండి, అంతే.

రెండోది సీసా. అన్నా, మీకు ఆ రాత్రి వేరే దారి లేదు, ఆ పిల్లలు మంచి పని చేశారు. కానీ మామూలుగా నీళ్ల సీసాలో పెట్రోల్ పట్టకండి. పల్చటి ప్లాస్టిక్, మూత నుంచి ఆవిరి వస్తుంది, కారులో పెట్టుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మేము సీసాలో పోయం అంటే కస్టమర్లు తిడతారు. రాత్రి పూట పిల్లలతో వచ్చి బతిమాలినవాళ్లను వెనక్కి పంపాల్సి వస్తే మాకూ మనసు బాగుండదు.

అనుమానం ఉంటే అడగండి. 5 లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపించమని, ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూపించమని అడిగే హక్కు మీకుంది. పెట్రోల్ మీద నమ్మకం లేక కొంచెం కొంచెం పోయించేవాళ్లు చాలామంది, అందుకే చెప్తున్నా.


ఆర్డర్_ఆన్_ది_వే | మంగళవారం రాత్రి 11:55

అందరూ ఫుల్ ట్యాంక్ చేయించండి అంటున్నారు. నా సంగతి కూడా వినండి.

హన్మకొండలో డెలివరీ చేస్తా. పొద్దున వంద, సాయంత్రం వంద పోయిస్తా. నాకు నిర్లక్ష్యం కాదు. పొద్దున జేబులో ఉండేది అంతే. ఈ నాలుగు నెలల్లో నా బండి మీటర్ రెండు గీతలు దాటలేదు. రిజర్వ్ లైట్ వెలుగుతూనే నక్కలగుట్ట నుంచి హంటర్ రోడ్డు, అక్కడి నుంచి కాజీపేట తిరుగుతా. పోయిన నెల రెండుసార్లు ఆగిపోయింది. ఒకసారి ఆర్డర్ చల్లబడిందని కస్టమర్ తీసుకోలేదు, నాకు ఆ డబ్బులు పోయాయి. లైట్ చూస్తుంటే పొద్దంతా టెన్షనే. మాలాంటి వాళ్లం ఏం చేయాలి?


ములుగురోడ్_షెడ్ | బుధవారం ఉదయం 7:05

తమ్మీ, నీ పోస్టు రాత్రి చదివి పొద్దున దాకా ఆలోచించా. ఫుల్ ట్యాంక్ చేయించు అని నీకు చెప్పను. వేరే లెక్క చెప్తా.

ఇంట్లో బియ్యం డబ్బా ఉంటుంది. అమ్మ ఎప్పుడూ అడుగు కనిపించే దాకా వాడదు. రెండు గిన్నెలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చి పోస్తుంది. ఆ రెండు గిన్నెలకు అయిన ఖర్చు ఒక్కసారే. ఆ తర్వాత నెలనెలా తెచ్చేది మామూలుగానే తెస్తుంది.

నీ బండికీ అదే. ఎప్పుడైనా ఒక్క రోజు, నీకు వీలైన రోజు, రెండు లీటర్లు ఎక్కువ పోయించు. దగ్గర దగ్గర 220 రూపాయలు. ఒక్కసారే. తర్వాత నువ్వు రోజూ పోయించే వంద, వంద అలాగే పోయించు. ఆ రెండు లీటర్లు అడుగున నిలవ ఉంటాయి. అవి ఖర్చు కాలేదు, ట్యాంకులో దాచుకున్నావు, అంతే. నువ్వు కాల్చే పెట్రోల్ ఒక్క చుక్క కూడా పెరగదు. ఇప్పుడు నీ నిలవ సున్నా దగ్గర ఉంది, అందుకే ప్రతి ఆర్డర్‌కూ భయం.

ఒక్కరోజులో కాకపోతే రోజుకు 20 చొప్పున ఎక్కువ పోయించు. పదకొండు రోజుల్లో అదే అవుతుంది.


పోచమ్మమైదాన్_66 | బుధవారం ఉదయం 8:50

ఈ బియ్యం డబ్బా లెక్క నాకు నచ్చింది. నా పాత పోస్టులో మాట కొంచెం మార్చుకుంటున్నా. పంపు సంగతి ఎలా ఉన్నా, 2024 జనవరి 2 గుర్తొచ్చింది. ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె అని తెలియగానే ఊరంతా బంకుల మీద పడింది. నేను మూడు గంటలు లైన్‌లో నిలబడి, నా వంతు వచ్చేసరికి స్టాక్ లేదన్నారు. ఆ రోజు మా నాన్నను డయాలసిస్‌కు తీసుకుపోవాలి. ఆటో దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నా ట్యాంకులో అయిదు లీటర్లు ఉండి ఉంటే అంత ఆందోళన పడేవాణ్ణి కాదు.


సుబేదారి_వాసి | బుధవారం మధ్యాహ్నం 12:40

ఒక చివరి ప్రశ్న. జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి ఆగొచ్చు. అప్పుడు ముందుగా ఏం చేయాలి? ఆ రాత్రి నేను పది నిమిషాలు అనవసరంగా సెల్ఫ్ కొడుతూ కూర్చున్నా.


కరీంనగర్_ట్యాక్సీ | బుధవారం మధ్యాహ్నం 2:15

బండి గుంజడం మొదలవగానే పూర్తిగా ఆగే దాకా చూడకండి. అప్పుడు ఇంకా ఊపు ఉంటుంది, ఆ ఊపుతోనే రోడ్డు దిగి మట్టిలోకి తీసుకుపోవాలి. మలుపులో ఆగకూడదు. నాలుగు ఇండికేటర్లు వేయండి. కారులో ఎర్ర త్రికోణం ఉంటుంది, కొత్త కార్లతో కంపెనీయే ఇస్తుంది, చాలామంది కవర్ కూడా విప్పరు. దాన్ని బండికి ఆనించి పెడితే లాభం లేదు, వెనక కనీసం యాభై మీటర్ల దూరంలో పెట్టాలి. ఆ తర్వాత బండిలో ఉన్నవాళ్లను దింపి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. లారీ వెనక నుంచి కొడితే లోపల కూర్చున్నవాళ్లకే దెబ్బ. మీ అమ్మగారు, పాప లోపలే ఉన్నారని చదివినప్పుడు నాకు అదే భయం వేసింది.

జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయొచ్చు. 112 ఎక్కడైనా. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలుస్తుంది.


ములుగురోడ్_షెడ్ | బుధవారం మధ్యాహ్నం 3:00

పెట్రోల్ పోశాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. తాళం చెవి ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగండి, వెనక నుంచి సన్నటి శబ్దం వినిపిస్తుంది, పంపు లైన్ నింపుకుంటోంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్. అలా మూడు నాలుగుసార్లు చేశాక స్టార్ట్ చేయండి. లీటరు పోస్తే అన్ని బండ్లూ అందుకోవు, మూడు నాలుగు లీటర్లు అయితే మంచిది.


నైట్‌డ్యూటీ_హన్మకొండ | బుధవారం సాయంత్రం 4:30

మేడారం జాతరకు పోయేవాళ్లు ఇది చదవాలి. 2024 ఫిబ్రవరిలో పస్రా దగ్గర ట్రాఫిక్‌లో అయిదు గంటలు ఇరుక్కున్నాం. కదలని బండిలో ఏసీ నడుస్తుంటే ముల్లు దిగడం కళ్లారా చూశా. చివరికి ఏసీ ఆపి, పిల్లలకు బెల్లం సంచి మీది కాగితంతో విసిరాం. వరంగల్‌లోనే నింపుకుని బయలుదేరండి.


సుబేదారి_వాసి | తర్వాతి సోమవారం రాత్రి 9:15

నిన్న ఏటూరునాగారం మళ్లీ పోయాం, ఒడిబియ్యానికి. ఈసారి పొద్దున హన్మకొండలోనే నింపించా. వచ్చేటప్పుడు అదే మలుపు దగ్గర అమ్మ 'ఇక్కడే కదరా' అంది. అప్పుడు మీటర్‌లో సగానికి పైనే ఉంది. త్రికోణం కవర్ విప్పి ఒకసారి బిగించి చూసుకున్నా. ఆ ఇద్దరు పిల్లల ఊరు కనుక్కున్నాం. అమ్మ వాళ్లింటికి అరిసెలు పట్టుకుపోయింది.


ఆర్డర్_ఆన్_ది_వే | తర్వాతి గురువారం రాత్రి 12:20

షెడ్డు అన్నా, రోజుకు 20 ఎక్కువ పోయిస్తూ వచ్చా. మధ్యలో రెండు రోజులు కుదరలేదు. ఇవాళ వానకు ఆర్డర్లు ఎక్కువ వచ్చాయి, టిప్పులు కూడా వచ్చాయి, మిగిలింది కలిపి సాయంత్రం ఒకేసారి పోయించా. ఇప్పుడే ఇంటికొచ్చి బండి స్టాండ్ వేశా. మీటర్ మూడు గీతలు చూపిస్తోంది, లైట్ లేదు.